డామినేషన్, ఆధిపత్యం, పెత్తనం: ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

కారంచేడు సంస్మరణ సభ కోసం ఒక కరపత్రం రాసుకుని, అచ్చుకి ఇచ్చే ముందు ఒక మాదిగపల్లెలో చదివి వినిపించాం. రెండు పేజీల కరపత్రంలో 'ఆధిపత్యం' అనే మాట పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టింది మేం కాదు, ఆ పల్లెలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. చదవటం అయిపోయాక అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ అడిగింది: "ఒరే అబ్బాయా, ఆదిపచ్చెం ఆదిపచ్చెం అంటన్నావు, అదేందిరా?"

చెప్పాం. భూమి ఎవరి చేతిలో ఉంది, చెరువు ఎవరి చేతిలో ఉంది, పంచాయితీలో ఎవరి మాట చెల్లుతుంది, పోలీసులు ఎవరింట్లో కాఫీ తాగుతారు, ఇవన్నీ చెప్పుకుంటూ పోయాం. ఆమె ఓపిగ్గా విని, "అంటే పెత్తనమేగా. ఆ మాట అనటానికి నోరు రాలా నీకు?" అంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

నిజం ఒప్పుకోవాలంటే మేం ముందు అనుకున్నది 'ఆధిపత్యం' కూడా కాదు. 'డామినేషన్' అని ఇంగ్లీషులో అనుకుని, దాన్ని తెలుగు చేశాం. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లలో మేమే మొదలు. నాయన ఒక ఆసామి దగ్గర ఏడాది లెక్కన పాలేరుగా ఉన్నాడు. అక్కడ జరిగేదానికి ఇంట్లో ఎన్ని పేర్లు ఉన్నా, అది చదువుకోదగ్గ విషయమనీ, దానికి ఒక పేరుందనీ మేం మొదటిసారి తెలుసుకున్నది ఎం.ఏ. క్లాసులో. 'డామినెంట్ క్యాస్ట్' అని మాస్టారు బోర్డు మీద రాసినప్పుడు ఒళ్లు జలదరించింది. మా నాయన ఆసామిని ఎవరో ఎక్కణ్ణించో చూసి రాసినట్టే ఉంది. ఆ రోజునించి ఆ మాటని అపురూపంగా దాచుకున్నాం. ఎక్కణ్ణించి వచ్చింది, లోపల ఏమేం పెట్టుకొచ్చింది అని మాత్రం విప్పి చూడలేదు. పెద్దమ్మ నవ్వాక విప్పి చూశాం. ఈ వ్యాసం ఆ పని ఫలితం.

లాటిన్ భాషలో 'డోముస్' అంటే ఇల్లు. ఆ ఇంటికి యజమాని 'డొమినస్'. యజమానిగా ఏలటం 'డొమినారి'. 'డామినేషన్' ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. 'డామినేట్' అనే క్రియ ఇంకా ఆలస్యం, 17వ శతాబ్దం మొదట్లో గాని కనపడదు. 'డొమినస్' అనే మాట ఇంటి నించి కాక, లొంగదీయటం అనే అర్థమున్న 'డొమారె' నించి పుట్టిందేమో అన్నవాళ్లూ ఉన్నారు. పశువుని మచ్చిక చేసి కాడికి అలవాటు చేసే పనికి లాటిన్‌లో ఉన్న మాట అది. మన 'దమనం', 'దమనకాండ' దానికి చుట్టాలే. ఎక్కువమంది పండితులు ఇంటివైపే ఉన్నారు. ఏ వైపు వాదన నెగ్గినా మన పాలేరుకి పెద్ద తేడా లేదు, ఇల్లూ కాడీ రెండూ ఒకరివే.

డొమినస్ ఎవరికి డొమినస్? ఇది అసలు ప్రశ్న. రోమన్ న్యాయంలో భార్యాపిల్లల మీద ఇంటిపెద్దకి ఉండే అధికారానికి వేరే పేర్లున్నాయి. డొమినస్ అనేది ముఖ్యంగా సొత్తుకి యజమాని. పొలానికీ డొమినసే, ఎద్దుకీ డొమినసే, బానిసకీ డొమినసే. ఆ హక్కు పేరు 'డొమినియం'. ఇంగ్లీషు 'ఫ్యామిలీ'కి మూలమైన 'ఫామిలియా' కూడా 'ఫాములుస్', అంటే ఇంటి బానిస, అనే మాట నించి పుట్టిందే. ఎంగెల్స్ 1884లో అచ్చయిన కుటుంబం గురించిన తన పుస్తకంలో ఈ సంగతి ఎత్తి చూపాడు. కాబట్టి 'డామినేట్' అంటే ఎక్కువ బలం ఉండటం, ఎక్కువమంది ఉండటం కాదు. ఒక మనిషి ఇంకో మనిషిని సొత్తులాగా చేతిలో పెట్టుకోవటం.

ఈ సంగతి రోమన్లకి బాగా తెలుసు. అందుకే మొదటి చక్రవర్తి ఆగస్టస్ తనని ఎవరూ 'డొమినస్' అని పిలవటానికి వీల్లేదన్నాడు. సొంత పిల్లలు, మనవలు కూడా అలా పిలవగూడదన్నాడు. అధికారమంతా చేతిలో పెట్టుకున్నవాడే ఆ పిలుపుని తిట్టులాగా భావించాడు. ఎందుకంటే పౌరుడు ఆ మాట అన్నాడంటే తాను బానిసనని ఒప్పుకున్నట్టే. ఒక వందేళ్లు తిరక్కముందే డొమిషియన్ అనే చక్రవర్తి తనని 'ప్రభువు, దేవుడు' అని పిలిపించుకున్నాడు. క్రీ.శ. 284లో గద్దెనెక్కిన డయొక్లీషియన్ నించి మొదలైన పాలనకి చరిత్రకారులు పెట్టిన పేరు 'డామినేట్'. ఇంటి బానిస మీద చెలాయించిన అధికారం మెల్లగా గడప దాటి దేశం మొత్తం మీదికి వచ్చింది.

గ్రీకులో దీనికి తోబుట్టువు ఉంది: 'డెస్పాట్'. నిరంకుశుడు అనే అర్థంలో మనకి తెలిసిన మాట. మొదట అది కూడా ఇంటి యజమానే. అరిస్టాటిల్ 'పాలిటిక్స్' మొదట్లో ఇంటిని విడగొట్టి చూపినప్పుడు, బానిసకి ఎదురుగా నిలబెట్టింది ఈ 'డెస్పాట్'నే. ఆ మాటలో మొదటి సగం లాటిన్ డోముస్‌కి బంధువు, ఇల్లు అని అర్థం. రెండో సగం సంస్కృతంలో 'పతి'. రెండూ కలిపి సంస్కృతంలో ఏమవుతుందో చూడండి: 'దంపతి'. ఋగ్వేదంలో దంపతి అంటే ఇంటి యజమాని, ద్వివచనంలో ఆలుమగలిద్దరూ. మనం పెళ్లి శుభలేఖల మీద అచ్చేసే 'నూతన దంపతులు', చరిత్ర పుస్తకంలో నిరంకుశుడు, ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టారన్నమాట.

మన 'ఆధిపత్యం' సంగతీ ఇంతే. అధి అంటే పైన, పతి అంటే ఒడయుడు, మొగుడు. అధిపతి గుణం ఆధిపత్యం. పైన కూర్చున్న మొగుడు. స్త్రీవాదులు ఈ మాట విషయంలో మనకంటే ముందే ఉలిక్కిపడి ఉండాల్సింది. ఇంగ్లీషు మాటలో ఇల్లుంటే, మనం దానికి పెట్టుకున్న సంస్కృత మాటలో ఆ ఇంటి మగాడున్నాడు.

ఇక్కడ మాకు ఒక చోట అడ్డం తగిలింది. డామినేషన్ అనే మాట ఇంట్లో పుట్టింది. మా మీద జరిగిన డామినేషన్ ఇంటి బయట జరిగింది. రోమన్ బానిస యజమాని ఇంట్లోనే వంట చేశాడు, యజమాని పిల్లలకి చదువు చెప్పాడు, లెక్కలు రాశాడు, వైద్యం చేశాడు. మా నాయన పద్నాలుగేళ్లు ఆ ఆసామి దగ్గర చేశాడు. పొలం ఆయన దున్నినదే, గొడ్లు ఆయన మేపినవే, ధాన్యం ఆయన మోసి ఇంటి దాకా తెచ్చిందే. గడప లోపల ఏముందో ఆయన చూడలేదు. అన్నం గొడ్ల కొట్టం దగ్గర సత్తు గిన్నెలో పెట్టేవాళ్లు, ఆ గిన్నె కొట్టం చూరులోనే ఉండేది. నీళ్లు దోసిట్లో పోసేవాళ్లు. గింజ ఇంట్లోకి వెళ్లేది, మోసినవాడు వెళ్లకూడదు. డోముస్ లేని డొమినస్ కింద బతికిన మనుషులం మేం.

అంబేడ్కర్ ఈ తేడాని చాలా స్పష్టంగా పట్టుకున్నాడు. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి రాసిన ఆయన రచనలు ఆయన పోయాక, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన 5వ సంపుటంలో అచ్చయ్యాయి. ఆయన వాదన స్థూలంగా ఇది. బానిస యజమానికి సొత్తు, కాబట్టి తిండి పెట్టి బతికించుకోవటంలో యజమానికి స్వార్థం ఉంది. అంటరానివాడు ఎవరి సొత్తూ కాదు, కాబట్టి ఎవరి బాధ్యతా కాదు. బానిసని ఉంచుకోమని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు, విడుదల చేయొచ్చు. అంటరానితనంలో విడుదల చేసే యజమానే లేడు. బానిసత్వం కళ్లకి కనపడే దాస్యం, ఇది కనపడకుండా నడిచే దాస్యం.

దీన్ని చదివి రోమ్ బానిసలు సుఖపడ్డారనుకుంటే పొరపాటు. గనుల్లో, పెద్దపెద్ద పొలాల్లో సంకెళ్లతో చేసినవాళ్లు లెక్కకి మించి ఉన్నారు. పైగా అక్కడ ఒక చట్టం ఉండేది. యజమానిని ఇంట్లో బానిస చంపితే, ఆ కప్పు కింద ఉన్న బానిసలందరినీ చంపాలి. క్రీ.శ. 61లో పెడానియస్ సెకుండస్ అనే నగరాధికారిని ఒక బానిస చంపాడు. ఆ ఇంట్లో ఉన్న దాదాపు 400 మందిని, ఆడవాళ్లనీ పిల్లల్నీ కలిపి, చంపేశారు. రోమ్ జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నా సెనేట్ వినలేదు, సైనికుల్ని దారి పొడుగునా నిలబెట్టి పని పూర్తిచేశారు.

ఒక్కరు చేసినదానికి కప్పు కింద ఉన్నవాళ్లందరికీ శిక్ష. ఇది చదివినప్పుడు మాకు పరాయి దేశం కథలా అనిపించలేదు. కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గొడ్ల కుడితి విషయంలో ఒక కుర్రాడు అడ్డం చెప్పాడు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, దాడి జరిగింది మాదిగపల్లె మొత్తం మీద. ఆరుగురిని చంపారు, ఆడవాళ్లని చెరిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. అక్కడ మొదలు సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ. తప్పు చేసింది ఎవరన్నది అడగలేదు, ఏ పల్లెవాడన్నది చూశారు. రోమ్‌లో శిక్షకి హద్దు యజమాని ఇంటి కప్పు. ఇక్కడ హద్దు ఊరికీ పల్లెకీ మధ్య దారి. ఇంట్లోకి రానివ్వని వాళ్లకి కూడా ఇంటి బానిసల శిక్ష వేసే డామినేషన్ ఇది. దీన్ని లాటిన్ మాట పూర్తిగా మోయలేదు.

డొమినస్ సంతానం ఇంగ్లీషులో విపరీతంగా పెరిగింది. అన్నీ రాస్తే పేజీలు చాలవు గాని కొన్ని చెప్పకుండా ఉండలేం. 'మేడమ్' అంటే ఫ్రెంచిలో 'మా డామ్', లాటిన్‌లో 'మెయా డొమినా', తెలుగులో 'నా దొరసానీ'. 'సర్' అనేది 'సీనియర్' నించి వచ్చింది, అంటే పెద్ద. ఎలిమెంటరీ స్కూలు మొదలు రీసెర్చి గైడు దాకా మనం రోజూ పెద్దకీ దొరసానికీ దండం పెడుతూనే ఉన్నామన్నమాట. కోటలో ప్రభువు ఉండే బురుజు పేరు 'డాన్‌జన్'. అదే తర్వాత కింద చీకటి కొట్టుకి పేరై 'డంజన్' అయింది. తెలంగాణలో గడి చూసినవాళ్లకి ఈ అర్థం మారటం వింతగా ఉండదు. పైన దొర మేడ, కింద కొట్టేచోటు.

మమ్మల్ని ఎక్కువ కదిలించింది 'డేంజర్'. ఇప్పుడు కరెంటు స్తంభాల మీద పుర్రె బొమ్మ కింద కనపడే ఈ మాట కూడా డొమినస్ బిడ్డే. పాత ఫ్రెంచిలో, పాత ఇంగ్లీషు వాడుకలో ఒకరి 'డేంజర్'లో ఉండటం అంటే ఆ ప్రభువు చేతి కింద ఉండటం. అతను తలుచుకుంటే కీడు చేయగలడు. ఆ 'చేయగలగటం' నించే ప్రమాదం అనే అర్థం వచ్చింది. కొట్టినప్పుడు కాదు, కొట్టగలిగినవాడి ఎదుట నిలబడ్డ ప్రతి నిమిషం ప్రమాదమే. పల్లెలో పెరిగినవాళ్లకి దీనికి నిఘంటువు అక్కర్లేదు.

రాజ్యాలకీ ఈ పేరే పెట్టుకున్నారు. హైదరాబాదు రాజ్యం ఇంగ్లీషు కాగితాల్లో 'నిజాం డొమినియన్స్'. ఇండియా 1947 ఆగస్టు 15 నించి 1950 జనవరి 26 దాకా చట్టప్రకారం ఒక 'డొమినియన్'. మన పత్రికలు దానికి 'అధినివేశ ప్రతిపత్తి' అనే నోరు తిరగని మాట కట్టాయి. చర్చిలో పాడే 'ప్రభువా' కూడా లాటిన్ బైబిల్లో డొమినసే. ఆ కీర్తన మన పల్లెల్లో ఎక్కువగా వినపడటానికి ఒక కారణం ఉందనుకుంటాం. పైన ఒకడే ప్రభువైతే ఊళ్లో ఉన్నవాడు ప్రభువు కాడు. (ఆ కబురు తెచ్చిన తెల్లాయన్ని కూడా మనవాళ్లు 'దొరగారూ' అనే పిలిచారన్నది వేరే సంగతి.)

ఇక సోషియాలజీ దగ్గరికి వద్దాం. 'డామినెంట్ క్యాస్ట్' అనే మాటని వ్యాప్తిలోకి తెచ్చింది ఎం.ఎన్. శ్రీనివాస్. మైసూరు దగ్గర పల్లెలో 1948లో చేసిన పరిశోధన ఆధారంగా 1950లలో రాసిన వ్యాసాల్లో, ముఖ్యంగా రాంపురా మీద 1959లో అచ్చయిన వ్యాసంలో, దాన్ని వివరించాడు. జనాభా బలం, ఆర్థిక రాజకీయ బలం, కులాల వరుసలో మరీ కింద లేకపోవటం, ఆ తర్వాత కొత్త చదువులు, ఉద్యోగాలు. మైసూరులో ఒక్కలిగలు, ఆంధ్రలో కమ్మ, రెడ్డి కులాలు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఉన్నాయి. దీంతో ఒక మేలు జరిగింది. శాస్త్రాల వరుసలో బ్రాహ్మణుడు పైనున్నా, ఊళ్లో చెల్లే మాట భూమి ఉన్న శూద్ర కులానిదని బయటపడింది. మన రాష్ట్రంలో ఏ కులాల మీద వేలు పెట్టాలో తెలిసింది. ఆ ఋణం మేం కాదనం.

కాని ఆ మాట వ్యాకరణం చూడండి. 'డామినేట్' క్రియ. ఒకడు చేస్తాడు, ఇంకొకడి మీద చేస్తాడు. 'డామినెంట్' విశేషణం. పొడుగు, తెలుపు, ఎరుపు లాగా అది ఒక గుణం. ఎవరి మీద అన్న ప్రశ్న అక్కడ రాలిపోతుంది. సంఖ్య ఎంత, ఎకరాలు ఎన్ని, పట్టభద్రులు ఎందరు అని లెక్క తీస్తే సరిపోతుంది. కొట్టం చూరులో పెట్టిన సత్తు గిన్నె ఆ లెక్కలో రాదు. శ్రీనివాస్ ఆ ఊరి పెద్ద ఇచ్చిన చోటే బస చేశాడు. ఆ బస వల్ల కింది కులాల బతుకు తనకి తక్కువగా అందిందని 1976లో వచ్చిన 'ది రిమెంబర్డ్ విలేజ్'లో తనే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్నందుకు గౌరవిస్తాం. ఆ ఒప్పుకోలుని పక్కన పెట్టి నిర్వచనాన్ని మాత్రం బట్టీ పట్టించే క్లాసుల గురించే మా ఫిర్యాదు.

'హెజిమొనీ' సంగతి కూడా ఒక్క ముక్క. గ్రాంసీ వాడుకలో అది బలంతో కాక ఒప్పించి నడిపించటం. తెలుగులో దానికీ 'ఆధిపత్యం' అనే రాస్తున్నారు. రణజిత్ గుహా వలస పాలన మీద రాసిన 'డామినెన్స్ వితౌట్ హెజిమొనీ' అనే పుస్తకం పేరుని ఈ లెక్కన తెలుగు చేస్తే 'ఆధిపత్యం లేని ఆధిపత్యం' అవుతుంది. మా హాస్టల్లో దీని మీద చాలా జోకులున్నాయి.

మరి మన మాటలు? 'పెత్తనం' అంటే పెద్దతనం. పెద్దకి తనం చేరి నలిగి పెత్తనమైంది. వయసు, గౌరవం నించి మొదలై ఊరి పదవిగా మారి చివరికి తిట్టుగా స్థిరపడింది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. పదవి పోయినా పెత్తనం పోలేదనటానికి ఆ మరుసటేడు కారంచేడే సాక్ష్యం. ఈ మాటలో ఉన్న బలం ఇంకోటి ఉంది. "నా మీద నీ పెత్తనమేంది?" అని నడివీధిలో నిలబడి అడగొచ్చు. "నా మీద నీ ఆధిపత్యమేంది?" అని ఇంతవరకూ ఎవరూ పోట్లాడలేదు.

'ఆసామి' ఇంకా విచిత్రం. అరబ్బీలో పేర్లు అని అర్థం. రెవెన్యూ లెక్కల్లో పేరు ఎక్కినవాడు ఆసామి. ఉత్తరాదిలో కౌలుదారుకీ బాకీదారుకీ ఆ మాట వాడితే, కోస్తాలో భూమున్న మారాజుకి వాడాం. మా నాయన దున్నిన పొలానికి ఆ పుస్తకంలో ఆయన పేరు లేదు, అందుకే ఆయన ఆసామి కాదు, పాలేరు. 'అజమాయిషీ' పారసీలో పరీక్ష, మన దగ్గర పంట తనిఖీ మీదుగా పనివాళ్ల మీద కన్నేసి ఉంచటం అయింది. 'దొర' తమిళంలో, కన్నడంలో కూడా ఉన్న మాట. తెల్లవాళ్ల ప్రభుత్వాన్ని మన పాత అచ్చు పుస్తకాలు 'దొరతనమువారు' అన్నాయి. తెలంగాణలో దాని ఎదుట నిలబడ్డ మాట 'బాంచెన్', అంటే బానిసని. ఆగస్టస్ సిగ్గుపడ్డ సంబోధనని మన దొరలు ప్రతి పొద్దూ వింటూ పళ్లు తోముకున్నారు.

'జబర్దస్తీ'లో జబర్ అంటే పైన, దస్త్ అంటే చేయి. పైచేయి. లాటిన్‌లోనూ చేయే అధికారానికి గుర్తు. బానిసని వదలటం 'మాన్యుమిషన్', చేతిలోనించి పంపటం. 'ఎమాన్సిపేషన్' కూడా చేతి పట్టు వదిలించటమే. మనం దానికి 'విమోచన', 'విముక్తి' అంటున్నాం గాని, పట్టుకున్న చేయి ఎవరిదో ఆ మాటల్లో కనపడదు.

ఇదంతా మాటల వేటగా మిగిలిపోయేది, కరపత్రంలో చట్టం గురించి రాసిన పేరా లేకపోతే. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ 12వ క్లాజులో 'డామినేట్' అనే మాటే ఉండేది. దళిత, ఆదివాసీ స్త్రీ 'విల్'ని డామినేట్ చేయగల స్థితిలో ఉన్నవాడు, ఆ స్థితిని వాడుకుని, లేకపోతే ఆమె ఒప్పుకోని లైంగిక దోపిడీ చేస్తే నేరం. ఈ పదబంధం కొత్తది కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ నించి తెచ్చుకున్నదే. అక్కడ చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. ఊరి షావుకారుకి బాకీ ఉన్నవాడు అతని దగ్గరే అన్యాయమైన షరతుల మీద మళ్లీ అప్పు తీసుకుంటే, తాను ఒత్తిడి చేయలేదని రుజువు చేసుకోవాల్సింది షావుకారే.

అంటే ఎన్నో ఏళ్ల ముందే తెల్లవాళ్ల చట్టానికి ఊరి షావుకారు ఎలాంటివాడో తెలుసు. నోటు మీద వేలిముద్ర పడినంత మాత్రాన మనస్ఫూర్తిగా వేసినట్టు కాదని తెలుసు. రుజువు బరువుని బలవంతుడి మీద పెట్టింది. అదే మాటలు 1989 చట్టంలోకి వచ్చేసరికి ఆ బరువు అతని మీద పడలేదు. అతనికి ఆ స్థితి ఉందనీ, దాన్ని వాడుకున్నాడనీ, లేకపోతే ఆమె ఒప్పుకునేది కాదనీ మన వైపే రుజువు చేయాలి. అప్పు పత్రానికి ఉన్న రక్షణ మన ఆడమనిషి ఒంటికి లేకపోయింది. 'మౌనం అర్ధాంగీకారం' అన్న సామెత ఎవరింట్లో పుట్టిందో చెప్పనక్కర్లేదు. 2016 జనవరి 26 నించి అమల్లోకి వచ్చిన 2015 సవరణ ఈ క్లాజుని తీసేసి కొత్తగా రాసింది. సమ్మతి అంటే ఏమిటో వివరించింది, ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా చెప్పింది. ఇది మంచి సవరణే. ఐతే 'డామినేట్ చేయగల స్థితి' అనే మాట ఈ చట్టంలో ఆ చోటినించి పోయింది. 2013లో అత్యాచార నేరాల చట్టంలో చేరిన 'డామినెన్స్' అనే మాట మాత్రం, 2024 జూలై 1 నించి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా కొనసాగుతోంది.

కరపత్రంలో మేం ఆ పాత క్లాజుని 'సంకల్పంపై ఆధిపత్యం వహించగల స్థితి' అని తెలుగు చేశాం. పల్లెలో ఒక్కరికి కూడా అర్థం కాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు కథగా చెప్పాం. కలుపుకి పిలిచేది అతనే, కూలి ఇచ్చేది అతనే, మొగుడి బాకీ అతని దగ్గరే ఉంది, కాలవగట్టు దారి అతని పొలం మీదుగానే. అట్లాంటివాడు పిలిస్తే ఆమె వెళ్లింది. ఇప్పుడు కోర్టులో ఆమె ఇష్టపడే వెళ్లిందంటాడు. దీన్ని మీరేమంటారు?

ఆడవాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. ఒకామె లేచి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత పెద్దమ్మే అంది: "కాదనటానికి లేనిచోట అవునంటే అది అవునవుద్దంట్రా?"

'కాదనటానికి లేనిచోటు' అనే రాసుకున్నాం. కరపత్రంలో ఏడుచోట్ల 'పెత్తనం' పెట్టాం, ఒకచోట 'జులుం', ఇదొకచోట పెద్దమ్మ మాట. అచ్చయి వచ్చాక ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మళ్లీ లెక్కపెట్టింది. 'ఆధిపత్యం' ఇంకా రెండుచోట్ల ఉందంట.